పళ్ళేలు బోర్లించిన శుక్రవారం

జడ్జి గారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను కువైట్‌లో షర్క్ పేట చేపల మార్కెట్‌లో చందువాకి బేరమాడుతున్నాను. జేబులో ఫోను ఆగకుండా వణుకుతుంటే తీసి చూశాను. మేముండే ఫింటాస్ పేట తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వరసగా దణ్ణం బొమ్మలు. వాటి మధ్య ఎవరో "మహా మానవతావాది" అని రాశారు. ఇంకెవరో "అమెరికా సాహిత్యాన్ని పుక్కిట పట్టిన మనిషి" అన్నారు. విజయవాడలో, మధ్యాహ్నం భోంచేసి పడుకుని, మరి లేవలేదట. మా మూడో అంతస్తు మాధవి ఏదో రాస్తున్నట్టు ఫోను కాసేపు చూపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

"యల్లా భాయ్, లేనా హై యా నహీ?" అన్నాడు చేపలతను. వద్దని చెయ్యి ఊపి, సముద్రం వైపు గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

ఆయన జడ్జి కారు. ఏ కోర్టు మెట్లూ ఎక్కిన మనిషి కారు. ఆ మార్కెట్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో, ఇంకొకళ్ళు గీసిన డ్రాయింగుల్లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. మా పిల్లలకీ, వాళ్ళ వెనక మాకూ ఆయన జడ్జి గారైపోయారు. దానికి కారణం ఆయన ఇంట్లో జరిగే శుక్రవారం సభ.

అమెరికా ఆయన ఎన్నడూ చూడలేదు. చూడాలని ప్రయత్నించనూ లేదు. "పుస్తకంలో చూసిన ఊరిని కళ్ళతో చూడకూడదోయ్. రెండూ పోతాయి" అనేవారు. పుస్తకాలు మాత్రం ఆ దేశానివే కావాలి. ఇళ్ళు ఖాళీ చేసి పోయే అమెరికన్లు వదిలేసిన పుస్తకాలు సంతలో పాత మిక్సీల పక్కన గుట్టగా పోసి అమ్ముతారు. ఎండ ఎక్కకముందే వెళ్ళి, ఆ గుట్ట ముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్కటీ దులిపి, వాసన చూసి తెచ్చుకునేవారు. బానిసగా పుట్టి పారిపోయి, దొంగచాటుగా అక్షరాలు నేర్చుకుని తమ కథ తామే రాసుకున్నవాళ్ళ పుస్తకాలు ఆయనకి ప్రాణం. ఆ తర్వాత చిన్న ఊళ్ళ కోర్టు కథలు. ఎండా, ఫ్యాన్లూ, చెమటలూ, బల్ల మీద కొట్టే సుత్తీ. ఆ వర్ణనలు చదివి వినిపించేటప్పుడు ఫింటాస్‌లో ఏసీ కింద కూర్చున్న మాకు నిజంగానే ఉక్కపోసేది.

నేను ఇక్కడి ఇంగ్లిష్ పత్రిక డెస్కులో పనిచేస్తున్నానని తెలిసిన మొదటి రోజే నన్ను పక్కకి తీసుకెళ్ళి ఒక మాట చెప్పారు. "అందరూ సమానంగా పుట్టారని స్వాతంత్ర్య ప్రకటనలో రాసినవాళ్ళ ఇళ్ళల్లోనే బానిసలున్నారు. అబద్ధం రాశారు. కానీ రాసి సంతకం పెట్టారు చూశావా, అక్కడ దొరికిపోయారు. తర్వాత వచ్చిన మంచి రచయిత ప్రతివాడూ ఆ కాగితం చేత్తో పట్టుకుని, ఏదీ, ఎక్కడ సమానం, చూపించండి అని అడుగుతూనే ఉన్నాడు. వాళ్ళ సాహిత్యమంటే ఇంకేం లేదోయ్. తమ మీద తాము వేసుకున్న దావా."

"మనకి లేదాండీ అలాంటి కాగితం?" అన్నాను.

"ఎందుకు లేదు, బ్రహ్మాండంగా ఉంది. మనం దావా వెయ్యం. ఇంటి గుట్టు బయటపడకూడదంటాం."

ఈ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కొత్తగా ఎవరొచ్చినా వాళ్ళని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఇదే చెప్పేవారు. "దొరికిపోయారు" అన్నచోట ప్రతిసారీ కుడిచేత్తో గాల్లో ఈగని పట్టినట్టు పిడికిలి బిగించేవారు.

ఆయన మనుషుల్ని పిలిచే తీరు వేరు. మా బిల్డింగ్ కాపలా చూసే ఈజిప్టు మనిషిని అందరం అరబ్బీలో కాపలావాడన్న అర్థంతో 'హారిస్' అని కేకేసేవాళ్ళం, ఆయన 'హారిస్ గారూ' అనేవారు. ఆ మనిషికి ఆ రెండో ముక్క ఏమిటో తెలియకపోయినా, అది విన్నప్పుడు నడక మారేది. ఎవరైనా ఇంట్లో లేనివాళ్ళ గురించి చెడ్డగా మొదలెడితే చెయ్యెత్తి ఆపేవారు. "అవతలి పక్షం హాజరు కాలేదు. కేసు వాయిదా." ఆ దెబ్బకి ఫింటాస్‌లో సగం కబుర్లు మూతపడేవి. ఆడవాళ్ళు కూడా ఆయన ఉన్నప్పుడు చాడీలు మానుకుని వంటల గురించి మాట్లాడుకునేవారు.

ఆఫీసు సంగతి నవ్వుతూనే చెప్పేవారు. "మా ఆఫీసులో అమెరికన్‌దీ నాదీ పాస్‌పోర్టు రంగు ఒకటే, నీలం. ఇద్దరం ఒకే డ్రాయింగ్ చూస్తాం. ఒకే తప్పు పడతాం. జీతాల దగ్గర మాత్రం నాది వేరే నీలం అంటారు." ఆ అమెరికన్ నల్లజాతి ఇంజనీరు. నిదానస్తుడు. అతన్ని మా జడ్జి గారు ఓసారి ఎంతో ఆశగా, మీరెప్పుడైనా జ్యూరీలో కూర్చున్నారా అని అడిగారట. మామూలు మనుషులు పన్నెండుమంది పక్కపక్కన కూర్చుని సాటిమనిషి బతుకు తేల్చడం, అందులో ఒక్కరు కాదన్నా తీర్పు ఆగిపోవడం ఆయన దృష్టిలో ఆ దేశం కనిపెట్టిన అన్నిటికంటే గొప్ప యంత్రం. ఆ ఇంజనీరు కాసేపు ఆలోచించి, "మా తాతని నల్లవాడని ఆ జ్యూరీ కుర్చీల్లో కూర్చోనివ్వలేదు. నాకు పిలుపొచ్చినప్పుడు, అక్కడ పార్కింగ్ దొరకదే అని విసుక్కున్నాను" అన్నాడట. జడ్జి గారు దీన్ని మాకు చెప్పి, నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేని మొహంతో మా అందరి వైపూ చూసేవారు.

ఆ యంత్రాన్నే ఆయన తన హాల్లో బిగించారు. శుక్రవారం పొద్దున నేను కాక పన్నెండుమంది చేరేవాళ్ళు. అందరూ ఇంజనీర్లు, డాక్టర్లు, ఐటీవాళ్ళు, వాళ్ళ భార్యలు. ఆ వారం పుస్తకంలోంచి ఒక పాత్రని తీసి నేరం మోపేవారు. ఎవరికి వాళ్ళు ఒళ్ళో ఖాళీ స్టీలు పళ్ళెం పెట్టుకుని కూర్చోవాలి. దోషి అనుకుంటే పళ్ళెం బోర్లించాలి. నిర్దోషి అనుకుంటే వెల్లకిలా ఉంచాలి. పన్నెండు పళ్ళేలూ ఒకేలా అయ్యేదాకా భోజనం లేదు. నన్ను మాత్రం ఆయన జ్యూరీలో కూర్చోనిచ్చేవారు కాదు. "విలేకరి తీర్పు చెప్పకూడదు. నువ్వు చూడు" అనేవారు. అందువల్ల నా పళ్ళెం ఎప్పుడూ వంటింట్లోనే ఉండేది.

సుత్తి బదులు అప్పడాల కర్రతో టీపాయ్ మీద కొట్టేవారు. ఆయన భార్య సుభద్ర గారు వంటింట్లోంచి, "తీర్పయ్యాక ఆ కర్ర ఇలా పడెయ్యండి, పిల్లలకి చపాతీలు చెయ్యాలి" అనేవారు.

ఒకసారి, పారిపోతున్న బానిసని బహుమానానికి ఆశపడి పట్టిచ్చిన పడవవాడి విచారణ. డాక్టర్ ప్రసాద్ కుర్చీ అంచుకి జరిగాడు. ఆయన ఏ విషయంలోనైనా ముందు తన అభిప్రాయం చెప్పి, తర్వాత విషయం వినే మనిషి. "చట్టం పట్టివ్వమంది. వాడు పట్టిచ్చాడు. ఇందులో నేరమేముందండీ?"

కరీంనగర్ లక్ష్మణ్ చమురు కంపెనీలో సేఫ్టీ ఇన్‌స్పెక్టర్. పెద్దగా చదివేవాడు కాదు, కానీ మెల్లగా తవ్వేవాడు. "గా చట్టం ఎవలు రాసిన్రు డాక్టర్ సాబ్? పడవల దాక్కున్నోడు రాసిండా?"

"చట్టం చట్టమేనయ్యా."

"మనం ఈడ కఫీల్‌ని, వీసా ఇచ్చినోన్ని, అడగకుంట ఉద్యోగం మారగలమా? మారలేం. మనకన్న సమజ్ గావాలె గదా వాడి బాధ."

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక కాసేపు సాగి, దానంతటదే ఆగింది. పడవవాడు దోషి అని తేలేసరికి గుత్తివంకాయ చల్లారిపోయింది. జడ్జి గారు మాత్రం పెళ్ళి జరిపించిన పెద్దలా వెలిగిపోతూ వడ్డనకి లేచారు. "చూశారా? లక్ష్మణ్ గారు ఒక్కరే నిలబడ్డారు. పదకొండుమందినీ తిప్పారు. ఒక్కడు చాలండీ. దీన్నే న్యాయమంటారు."

ఆ గుత్తివంకాయ వండింది సత్యవతి. కోనసీమ మనిషి. ఆమె వీసా ఒక కువైటీ ఇంటి పనిది. ఆ ఇంటి యజమానురాలు, 'మామా', సరేనంటే, మిగిలిన వేళల్లో మా బిల్డింగ్‌లో నాలుగైదు ఫ్లాట్లకీ, పక్క బిల్డింగ్‌లో ఒకటి రెండిళ్ళకీ వంట చేసేది. కాగితం ప్రకారం అది తప్పు. ఆ సంగతి అందరికీ తెలుసు, అందరికీ వంటా కావాలి. జడ్జి గారు ఆమెని కూడా 'సత్యవతి గారూ' అనే పిలిచేవారు. "అలా పిలవకండి బాబూ, ఎవర్నో అనుకుని యెనక్కి చూత్తన్నానండి" అనేది ఆమె, పళ్ళేలు సర్దుతూ. ఓసారి సుభద్ర గారు నా ఎదుటే ఆయనతో అన్నారు: "గారు అంటారు, బానే ఉంది. ఎప్పుడైనా కూర్చోమన్నారా?" ఆయన ఉలిక్కిపడి, "నేను వద్దన్నానా?" అన్నారు. "వద్దనలేదు" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

చలి వెనక్కి తగ్గుతున్న రోజుల్లో మాధవి నల్లపూసల గొలుసు పోయింది. మాధవీ, ఆమె భర్తా ఐటీ ఉద్యోగులు. మూడో అంతస్తు. సత్యవతి వంట చేసే ఇళ్ళల్లో వాళ్ళదొకటి. ఇంట్లోకి వేరే ఎవరూ రాలేదన్నది మాధవి మాట. ఆమె భర్త పోలీస్ స్టేషన్‌కి బయల్దేరుతుంటే జడ్జి గారు లిఫ్ట్ దగ్గర అడ్డం నిలబడ్డారు.

"బాబూ, నువ్వు కాగితం మీద ఆమె పేరు రాశావంటే, గొలుసు సంగతి తేలకముందే, బయట పని చేస్తోందన్న నేరానికే ఆమెని విమానం ఎక్కించేస్తారు. ముందు మనం విందాం. పన్నెండుమందిమి కూర్చుందాం."

"ఇది నవల కాదంకుల్. నా భార్య గొలుసు."

"నవల కాదు కనకే కూర్చుందామంటున్నాను."

ఆ కుర్రాడు ఒప్పుకున్నాడు. తీర్పు నిర్దోషి అయితే ఫిర్యాదు లేదు, పని యథాప్రకారం. దోషి అయితే పోలీసులు వద్దు, కానీ బిల్డింగ్‌లో ఎవరూ ఆమెని గడప తొక్కనివ్వకూడదు. మాధవి దంపతులు జ్యూరీలో ఉండకూడదన్నారు జడ్జి గారు. వాళ్ళ బదులు రెండో అంతస్తు దంపతులు వచ్చారు. ముందురోజు సాయంత్రం ఆయన నాకు ఫోన్ చేశారు. గొంతులో భయముంది, దానితోపాటు ఒక ఉత్సాహం కూడా ఉంది. "ఇన్నేళ్ళూ చదివింది దీనికేనేమోనోయ్" అన్నారు.

సుభద్ర గారికి మాత్రం ఇది మొదటినుంచీ నచ్చలేదు. నేను వెళ్ళేసరికి ఆవిడ ఆయనతో అంటున్నారు: "సాటివాళ్ళ చేత తీర్పు చెప్పించాలంటారు కదా మీ పుస్తకాల్లో. మీ పన్నెండుమందిలో ఒకరింట్లో వంట చేసుకుని బతికేవాళ్ళు ఒక్కరున్నారా?"

"ఇప్పుడు నేనెవర్ని తీసుకురాను, సుభద్రా?"

"తీసుకురాలేకపోతే పెట్టకండి."

ఆయన అప్పడాల కర్ర చేతిలో తిప్పుతూ ఉండిపోయారు. అప్పటికే తలుపు కొడుతున్నారు.

ఆ రోజు కూడా పొద్దునే వచ్చి వంట చేసింది సత్యవతి. ఎవరూ చెయ్యమనలేదు. శుక్రవారం కనక చేసింది. తర్వాత చేతులు కడుక్కుని, పమిట నిండుగా కప్పుకుని హాల్లోకొచ్చి గోడ పక్కన నిలబడింది. జడ్జి గారు స్వయంగా స్టూలు తెచ్చి మధ్యలో వేసి కూర్చోబెట్టారు. ఆమె అంచున కూర్చుంది. ఆయన ఆమె ముందు వంగి, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా, అందరికీ వినపడేలా చెప్పారు:

"సత్యవతి గారూ, మీరు భయపడకండి. ఇక్కడ మీరేమీ చెప్పనక్కర్లేదు. మిమ్మల్ని మాట్లాడమని బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు. మీరు తియ్యలేదని మీరు రుజువు చెయ్యక్కర్లేదు. తీశారని వాళ్ళు రుజువు చెయ్యాలి. మీరు మాట్లాడకపోతే దాన్ని మీ తప్పుగా ఎవరూ అనుకోకూడదు. తెలిసిందా?"

"ఆయ్. అలాగేనండి" అంది.

ఆ తర్వాత ఆమె నోరు విప్పలేదు.

మాధవి చెప్పింది. గొలుసు బెడ్‌రూమ్ సొరుగులో పెట్టానంది. సోమవారం చూశాననీ, బుధవారం లేదనీ అంది. కళ్ళు తుడుచుకుంది. అది మా అమ్మమ్మ చేయించింది అంది. అబద్ధం చెబుతోందని నాకెప్పుడూ అనిపించలేదు, ఇవాళ కూడా అనిపించదు. డాక్టర్ ప్రసాద్ స్టూలు వైపు తిరిగాడు.

"ఏమ్మా, నువ్వు తీశావా?"

సత్యవతి జడ్జి గారి వైపు చూసింది. ఆయన 'అక్కర్లేదు' అన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఆమె తల దించుకుంది.

"తియ్యలేదని ఒక్క మాట చెప్పడానికేంటమ్మా?"

మళ్ళీ ఆయన వైపు చూసింది. ఆయన మళ్ళీ తల ఊపారు, ఈసారి ధైర్యం చెబుతున్నట్టు చిన్నగా నవ్వి.

"చూశారా?" అన్నాడు ప్రసాద్ మా అందరితో. "మౌనం అర్ధాంగీకారమని మనవాళ్ళు ఊరికే అన్నారా?"

"అది పెళ్ళిచూపుల మాటండీ, కోర్టు మాట కాదు" అన్నారు జడ్జి గారు. ఒకరిద్దరు నవ్వారు. ఆయన నిలబడి చెప్పారు, ఎంత చక్కగా చెప్పారో. నోరు తెరిస్తే ఇంకా చిక్కుల్లో పడతామని తెలిసినవాడి మౌనం, ఏ మాట చెప్పినా నమ్మరని తెలిసినవాడి మౌనం. నల్లవాడు నోరు విప్పితే పొగరనీ, విప్పకపోతే నేరమనీ అన్న కోర్టుల గురించి చెప్పారు. ఆ దేశం ఈ ఒక్క హక్కు నేర్చుకోవడానికి ఎంతమంది ప్రాణాలు ధార పోసిందో చెప్పారు. ఆయన అంత బాగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. స్టూలు మీద కూర్చున్న మనిషి కూడా తలెత్తి ఆయన్నే చూస్తోంది. ఆమె మొహంలో ఒక నిశ్చింత. అది ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పళ్ళేలు తిరగడం మొదలెట్టాయి. ప్రసాద్‌ది మొదట. రెండో అంతస్తు దంపతులవి ఆ వెంటనే. ఒక్కొక్కటీ బోర్లా పడుతుంటే స్టీలు అంచులు మోకాళ్ళ మీద చిన్నగా చప్పుడు చేశాయి. చివరికి లక్ష్మణ్ పళ్ళెం ఒక్కటే వెల్లకిలా మిగిలింది.

"నాకు మనసొప్పుత లేదు" అన్నాడు లక్ష్మణ్. "చూసినోళ్ళు లేరు. దొరికింది లేదు. ఎట్ల బోర్లిస్తం?"

జడ్జి గారి మొహం వెలిగింది. ఆయన ఎదురుచూస్తున్న ఆ ఒక్కడు ఇతనే. గదిలో చాలాసేపు వాదన నడిచింది. లక్ష్మణ్ అన్నిటికీ జవాబిచ్చాడు. చివరికి స్టూలు దగ్గరికి వెళ్ళి, గొంతుక్కూర్చుని, ఆమె మొహంలోకి చూస్తూ అడిగాడు.

"అక్కా, నీ తరఫునే మాట్లాడుతున్న. ఒక్క ముక్క చెప్పు. లేదను చాలు. నేను కదల ఈడికెల్లి."

ఆమె పెదవులు కదిలాయి. జడ్జి గారి వైపు చూసింది. ఇక్కడ ఆయన ఒక్క మాట, 'చెప్పమ్మా' అని, అంటే సరిపోయేది. ఆయన అనలేదు. అంటే అది బలవంతమవుతుందని, హక్కు చెడుతుందని నమ్మారు. కిటికీలోంచి మధ్యాహ్నం నమాజు పిలుపు మొదలై, ముగిసేదాకా అందరం అలాగే ఉన్నాం. ఆమె తల దించుకునే ఉంది.

లక్ష్మణ్ లేచి తన కుర్చీలోకి వెళ్ళాడు. "మనిషి మంచిగుంటే ఇంతగనం అడిగినంక అనకపోవునా?" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతో తనే. పళ్ళెం బోర్లించాడు.

అప్పడాల కర్ర ఆయన చేతిలోనే ఉండిపోయింది. బల్ల మీద కొట్టలేదు. తర్వాత పళ్ళేలన్నీ మళ్ళీ వెల్లకిలా తిరిగాయి, భోజనం వేళైంది కనక. సుభద్ర గారు వడ్డించలేదు. రెండో అంతస్తావిడ గిన్నెలు తెచ్చి పెట్టింది. "కూర బావుంది" అన్నారెవరో, అలవాటుకొద్దీ. ఎవరూ తినడం ఆపలేదు.

సుభద్ర గారు మెట్ల దగ్గరికి వెళ్ళి సత్యవతిని పట్టుకున్నారు. నేను చెప్పులు వేసుకుంటూ అక్కడే ఉన్నాను.

"ఏమైందే నీకు? నోరు పడిపోయిందా? వంటింట్లో మాటలతో నన్ను ఊపిరి తిప్పుకోనివ్వవు, అక్కడేమైంది?"

సత్యవతి కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. ఆశ్చర్యపోయినట్టుంది.

"అయ్యగారు మాటాడొద్దన్నారు కదండీ. అందరి ముందూ చెప్పారు కదండీ, నువ్వేం చెప్పక్కర్లేదని. అడిగినప్పుడల్లా ఆయన వంకే చూశానండి, చెప్పమంటారేమోనని. వద్దని తలూపారు. నా తరఫున ఆయన మాటాడేత్తారు గావాల అనుకున్నానండి. అంతసేపు మాటాడారు కదండీ పాపం."

సుభద్ర గారు ఇది ఆయనకి చెప్పారు. ఆయన వెంటనే లిఫ్ట్ కోసం ఆగకుండా దిగి కిందికి పరిగెత్తారు. బస్టాపులో ఆమె లేదు. ఆ సాయంత్రమే పన్నెండుమందికీ విడివిడిగా ఫోన్ చేశారు. పొరపాటు నాది, మళ్ళీ కూర్చుందాం అన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. అయిపోయింది కదండీ అన్నారు. అంతా కలిసి చేసిన తీర్పు కదండీ, మీరే కదా ఏకగ్రీవమైతే ఇక తిరుగులేదన్నారు, అన్నాడు ప్రసాద్. లక్ష్మణ్ ఒక్కడే, "తప్పు జేసినం సార్" అని ఫోన్ పెట్టేశాడు.

కబురు బిల్డింగ్ దాటింది. పక్క బిల్డింగ్ ఇళ్ళు మానిపించాయి. ఎవరి నోటినుంచో కువైటీ ఇంటిదాకా వెళ్ళింది. జడ్జి గారు ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి తలుపు కొట్టారు. వచ్చీరాని అరబ్బీలో ఏదో చెప్పబోతే మామా విసుగ్గా, "ఖలాస్. సాఫరత్" అందట. అయిపోయింది, వెళ్ళిపోయింది అని.

గొలుసు దొరకలేదు. నాకు తెలిసి ఇప్పటికీ దొరకలేదు.

ఆ తర్వాత సభ జరగలేదు. శుక్రవారాలు జరిగాయి. కలిసి తినేవాళ్ళం, పిల్లల చదువుల గురించీ, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామాల గురించీ మాట్లాడుకునేవాళ్ళం. ఆయన కిటికీ దగ్గరికి ఎవర్నీ తీసుకెళ్ళేవారు కాదు. పుస్తకాలు చదివేవారు. కానీ, మీరేం చదువుతున్నారని అడిగితే అట్ట చూసి చెప్పేవారు.

ఆ వేసవి ముగిసే రోజుల్లో ఒక భోజనంలో మాధవి సుభద్ర గారికి కొత్త పనిమనిషి గురించి చెబుతోంది. "ఎవర్నీ నమ్మడానికి లేదు ఆంటీ. నేను మాత్రం ఆఫీసుకెళ్ళేటప్పుడు బెడ్‌రూమ్‌కి తాళం వేసే వెళతాను. మొదట్నుంచీ నాకది అలవాటే."

జడ్జి గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "మొదట్నుంచీనా అమ్మా?"

మాధవి తలెత్తింది. అన్నది ఏమిటో అప్పుడు తెలిసింది ఆమెకి. "అంటే... రోజూ వేస్తానంకుల్. ఆ రోజు వేశానో లేదో... వేసే ఉంటాను. గుర్తులేదంకుల్. నిజంగా గుర్తులేదు."

"పర్వాలేదమ్మా" అన్నారు ఆయన. "నిన్నెవరూ అడగలేదు. గదికి తాళం ఉంటుందని ఆమె చెప్పాల్సిన మాట కదా అది."

ఆ ఏడాది చివర ఆయన సెలవు మీద ఇండియా వెళ్ళారు. తిరిగొచ్చాక, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశారని విన్నాను. వెళ్ళిపోయే ముందు సాయంత్రం ఫింటాస్ సముద్రం ఒడ్డున నడుస్తుంటే, నేనడగకుండానే చెప్పారు.

"సత్యవతి గారి ఊరు వెళ్ళానోయ్. బస్టాండు దగ్గర టిఫిన్ బండి పెట్టుకుంది. నన్ను చూసి, ఎప్పుడొచ్చారండీ, అమ్మగారు బావున్నారా, అని బల్ల తుడిచింది. పెసరట్టు వేసిచ్చింది. జనం తగ్గేదాకా ఆగి అడిగాను. సత్యవతి గారూ, ఆ రోజు మీ మాట వినకుండా తీర్పు చెప్పించాను. అది వినడానికే వచ్చాను, చెప్పండి అన్నాను."

"ఏమంది?"

"అట్టు తిరగేస్తూ నవ్వింది. 'ఆ రోజు చెబితే నా పొట్ట కోసం చెప్పేదాన్నండి. ఇప్పుడు చెబితే మీ మనసు కోసం చెప్పాలండి. ఇప్పుడెందుకండీ, వద్దులెండి' అంది. కోపంగా కాదోయ్. మామూలుగా. నేను మళ్ళీ అడగలేకపోయాను."

సముద్రం మీద చీకటి పడుతోంది. నడిచేవాళ్ళు మమ్మల్ని దాటుకుని పోతున్నారు. ఆయన ఆగి, అలల వైపు కాదు, నా వైపు తిరిగారు.

"బస్సు లేటు. అక్కడే బల్ల మీద కూర్చున్నాను. ఒకడొచ్చి చట్నీ పలచగా ఉందన్నాడు, వాణ్ణి దులిపేసింది. కండక్టర్‌తో పరాచికాలు. ఎవరిదో పెళ్ళి తగువు తీరుస్తోంది, నువ్వు ముందు చెప్పు, నువ్వాగు, అంటూ. బస్సు వచ్చేదాకా ఒక్క క్షణం నోరు ఊరుకోలేదు. ఆవిడ అంత మాటకారి అని నాకు తెలీదోయ్."